ఎలుకరంగు గాడిద

ఫారంలో పదహారో గడి: ప్రభావం.
దాని పక్కన నాలుగంకెలు పట్టేంత ఖాళీ.

కోయింబ్రాలో ఫిబ్రవరి వాన. మొందేగు నది
ఒడ్డు మెట్లను ఒక్కొక్కటే మింగుతోంది.
ఎర్మెలిందా ఫ్రగోజు గారి లెక్క తేల్చి రమ్మని
రెక్టర్ ఆఫీసు నన్ను పంపింది. నేను గుమాస్తాని,
గ్రీకు నాకు బీజగణితంలో తగిలినంతే వచ్చు.

గదిలో ఒకటే కుర్చీ, దాని నిండా పుస్తకాలు.
నన్ను కిటికీ గట్టు మీద కూర్చోమంది.
"నలభై ఒక్క ఏళ్లు," అంది. "అడగండి."

మొత్తం ఉల్లేఖనలు నూట పన్నెండు.
అందులో డెబ్బై మూడు ఒక్క వ్యాసానికే,
ఎనభై ఒకటో సంవత్సరంలో అచ్చయినదానికి.
అంకె పైకి చదివి, అభినందించబోయాను.
ఆవిడ కళ్లజోడు తీసి శాలువా కొసతో తుడుచుకుంది.
"అవన్నీ నేను తప్పని చెప్పడానికే."

నాకు అర్థమైనంతలో సంగతి ఇది:
ఈజిప్టు చెత్తకుప్పలో దొరికిన పపైరస్ ముక్క,
అరచెయ్యంత. ఏదో రసీదు.
ఓయినోస్ అంటే ద్రాక్షసారా. ఓనోస్ అంటే గాడిద.
మధ్యలో తేడా ఒక్క నిలువు గీత.
ఇరవై తొమ్మిదేళ్ల ఎర్మెలిందాకి ఆ గీత కనిపించింది.
ఇక ఆ ఊళ్లో లేని ద్రాక్షతోటలు నాటింది,
సారా మీద పన్ను వేసింది,
పన్ను ఎగ్గొట్టినవాళ్లని కూడా పట్టుకుంది,
ముప్పై నాలుగు పేజీల్లో.

అది అక్షరం కాదు.
సిరాలా నల్లబడిన ఒక నారపోగు.

ముందుగా కనిపెట్టిందీ ఆవిడే.
పదిహేనేళ్ల తర్వాత, ఉత్తరాన ఏదో మ్యూజియం సొరుగులో
చిరుగుకి చిరుగు అతికే ఇంకో ముక్క దొరికింది.
దాని మీద తర్వాతి మాట: ఎలుకరంగు.
ఎలుకరంగు సారా ఎవడు తాగుతాడు?
"నేను పొరబడ్డాను" అని మొదలుపెట్టి అర పేజీ రాసింది.
ఆ అర పేజీకి ఉల్లేఖనలు రెండు.
ఒకటి ఆవిడదే.

తర్వాత కూడా ఏటా ఒకరో ఇద్దరో లేచి
ఆ తప్పుని కొత్తగా పట్టుకుంటూనే ఉన్నారు,
చచ్చిన పాము మీద
ఎవరి కర్ర వాళ్లు విరగ్గొట్టుకుంటూ.
ఒకాయన ఆవిడ ఇంటిపేరు కూడా తప్పు రాశాడు.
అది కంప్యూటర్ లెక్కలోకి రాలేదు.
వచ్చుంటే నూట పదమూడు.

కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే, అనుకున్నాను.
పైకి అనలేదు. అప్పటికే ఆవిడ
ఫొటో ఒకటి తీసి నా ముందు పెట్టింది.
"అమ్మిన మనిషి పేరు తమిస్థా. ఇదిగో, ఇక్కడ.
చదువు రాదు, పక్కింటివాడి చేత రాయించింది.
గాడిదకి ఇంకా పాలపళ్లు రాలలేదట.
కుడి చెవి కొంచెం చీలిందట."
ఫొటోకి తగలకుండా వేలు గాలిలోనే కదులుతోంది.
"పద్దెనిమిది వందల ఏళ్లు దీని ఊసెత్తినవాడు లేడు.
ఇప్పుడు డెబ్బై మూడు మంది
ఇది గాడిదేనని సాక్ష్యం పలికారు.
ఏ గాడిదకి దక్కింది చెప్పండి, ఇంత?"

నవ్వింది. నవ్వు దగ్గయింది. నీళ్లందించాను.

తిరిగొస్తుంటే పాత గ్రంథాలయంలో
బల్లల మీద తోలు దుప్పట్లు కప్పుతున్నారు.
చీకటి పడ్డాక గబ్బిలాలు దిగి
పుస్తకాల పురుగుల్ని ఏరుకు తింటాయి.
తెల్లారి ఒకామె రెట్టలు తుడుస్తుంది.
వాటి లెక్క అడిగే ఫారం
నా బీరువాలో లేదు.

పదహారో గడిలో 112 అని రాశాను.
గడి దాటి, చిన్నక్షరాల్లో,
కుడి చెవి చీలింది అని కూడా రాశాను.
గడి దాటి రాయకూడదట, ఫారం వెనక్కొచ్చింది.

బల్ల మీదే ఉంది ఇంకా.
దీపం కింద పెట్టి చూస్తే
అంకెలో ముందున్న రెండు నిలువు గీతలు
నేను గీసినవేనా
కాగితంలోని నారా అని
అనుమానం.